తెర మీది కోటలు – 7వ భాగం: గంట కరిగింది, కత్తి పెరిగింది

పోయిన భాగంలో మేరియో వెంట పైపుల్లో దూరి వచ్చాం. 1981లో డాంకీ కాంగ్ ఆటలో వడ్రంగిగా పుట్టినవాడు రెండేళ్లకే కొళాయిల మేస్త్రీ అయిన వైనం చూశాం. 1988లో అమెరికా పిల్లలు రెండో మేరియో అనుకుని ఆడినది నిజానికి డోకి డోకి పానిక్ అనే వేరే జపాను ఆట అనీ, దానికి మీసాలు అతికించి పంపారనీ చెప్పుకున్నాం. పేరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారిపోతుంది. మేరియో విషయంలో ఆ మార్పు ఎవరినీ పెద్దగా నొప్పించలేదు. ఈ భాగం కథానాయకుడి విషయంలో మాత్రం కన్నవాడికే నొప్పి పుట్టింది.

మేరియో మా ఇళ్లకు టీవీకి తగిలించే డబ్బాలో వచ్చాడు. ఈయన ఫ్లాపీలో వచ్చాడు, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు నుంచి ఎవరి చొక్కా జేబులోనో కూర్చుని, టికెట్ లేకుండా.

1990ల నడుమ హోసూరు బాగలూరు రోడ్డులో మందుల అంగడి పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. అంతకు ముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి పైకెక్కాలి. లోపల ఏసీ చలి, మూడు నలుపు తెలుపు తెరలు, ఒక్కటంటే ఒక్క రంగుల తెర. మాకు నేర్పింది డాస్, వర్డ్‌స్టార్, లోటస్. మేము నేర్చుకున్నది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఒక్కొక్కరికి మిషన్ మీద గంట సేపు ఇచ్చేవారు. ఆటలో రాజకుమారుడికి ఉన్న గడువు కూడా సరిగ్గా గంటే. చెరసాలలోంచి బయటపడి, పన్నెండు అంచెలు దాటి, మంత్రి జాఫరును చంపి, రాజకుమారిని విడిపించాలి. అరవయ్యో నిమిషం దాటితే కథ అయిపోయినట్టే. మాకు అంతకన్నా ముందే అయిపోయేది.

“అన్నా, ఇంకో పది నిమిషాలన్నా. ఇప్పుడే కత్తి దొరికింది.”

“టైం అయిపోయిందిప్పా, లెయ్యి. వెనకాల లోటస్ వాళ్లుండారు.”

ఆ కాలానికి మా ఊరే గడియారం చూసి బతకడం కొత్తగా నేర్చుకుంటోంది. అంతకు ముందు చంద్రచూడేశ్వరుడి కొండ మీద గంట మోగితే పొద్దున, చెరువు కట్ట మీద పసులు తిరిగొస్తే సాయంత్రం. రాగి చేలకు అంతకంటే సన్నటి లెక్క అక్కర్లేదు. 1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980 నాటికి టీవీఎస్ మోపెడ్, అశోక్ లేలాండ్ లారీ హోసూరులోనే తయారవుతున్నాయి. 1987 నుంచి టైటాన్ గడియారాలు మా ఊరి ఫ్యాక్టరీలోంచి దేశం మీద పడ్డాయి. మూడు షిఫ్టులు, షిఫ్టు బస్సులు, ఓటీ లెక్కలు. తెలుగింట్లో, కన్నడ వీధిలో, తమిళ బడిలో ఎక్కడ చూసినా “గంటకెంత?” అన్న మాటే. అలాంటి ఊళ్లో గంట కరిగిపోతుంటే గుండె దడదడలాడే ఆట పడింది. ఆ ఆట మా కోసమే తయారైందని నేను చాలా ఏళ్లు నమ్మాను.

కథ కూడా కొత్తది కాదు. రాజు ఊళ్లో లేడు, మంత్రి రాజ్యం మీదా రాజకుమారి మీదా కన్నేశాడు, మంత్రవిద్య తెలుసు, అతగాడి చెరలో అనామకుడైన ప్రేమికుడు. నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావును, కత్తి పట్టిన కాంతారావును చూసి పెరిగిన వాళ్లకు ఇందులో విడమర్చి చెప్పాల్సింది ఏముంది? కాకపోతే జానపద సినిమాలో వీరుడు మొదటి రీలు నుంచే కత్తితో దిగుతాడు. ఇక్కడ మొదట చేతిలో ఏమీ లేదు. వట్టి చేతుల్తో, చెప్పుల్లేని కాళ్లతో, తెల్లటి బట్టల్లో నేల మీద పడతాడు. పరిగెత్తినప్పుడు ఆగలేక రెండడుగులు జారతాడు. అంచు పట్టుకుని వేలాడితే ఆ భుజాల బరువు మన భుజాలకు తెలుస్తుంది. తప్పు అడుగు వేస్తే ఇనుప మేకుల మీద పడతాడు. అలా పడిన ప్రతిసారీ సెంటర్‌లో ఎవరో ఒకరు “అయ్యో” అనేవారు. బొమ్మను చూసి అయ్యో అనడం మాకు అదే మొదలు.

ఆ బొమ్మ అంత ప్రాణంతో కదలడానికి కారణం అది ఒకప్పుడు నిజంగా ప్రాణమున్న పిల్లాడే కావడం.

ఈ ఆటను తయారుచేసిన జోర్డన్ మెక్నర్ 1964లో న్యూయార్కులో పుట్టాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూనే కరాటేకా అనే ఆట రాశాడు, అది 1984లో వచ్చి బాగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది పట్టా చేతికొచ్చింది. సినిమా కథలు రాయాలా, ఇంకో ఆట చేయాలా అని కొట్టుమిట్టాడుతూ, ఆ ఏడాది అక్టోబరులో తమ్ముడు డేవిడ్‌కు తెల్ల బట్టలు తొడిగి, ఊళ్లో ఒక కార్ల పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లి పరిగెత్తమన్నాడు, దూకమన్నాడు, గోడ పట్టుకుని ఎక్కమన్నాడు. దాన్నంతా వీడియో తీశాడు. తర్వాత ఆ టేపును ఒక్కొక్క క్షణం దగ్గర ఆపుతూ తెరను ఫోటో తీసి, ఆ ఫోటోల మీద నల్ల మార్కరుతో, తెల్ల ఇంకుతో ఆకారం తేల్చి, జిరాక్స్ తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి మాత్రం తమ్ముడు పనికిరాలేదు. 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ చివర్లో చేసే ఖడ్గయుద్ధం దొరికింది. దాన్ని కూడా అలాగే కోసి, పేర్చుకున్నాడు. పాటలకు బయటి మనిషెందుకని తండ్రి ఫ్రాన్సిస్ బాణీలు కట్టాడు. ఆయన వియన్నాలో పుట్టి ప్రాణభయంతో వలస వచ్చిన కుటుంబపు మనిషి, వృత్తి మనస్తత్వశాస్త్రం. పర్షియా అని పేరే కానీ లోపల ఉన్నది ఒక న్యూయార్కు ఇంటి గోల. తమ్ముడి కాళ్లు, తండ్రి స్వరాలు, అన్న అరచేతి చెమట.

తర్వాత కాలిఫోర్నియా వెళ్లి బ్రోడర్‌బండ్ కంపెనీ ఆఫీసులో ఓ మూల కూర్చుని, నాలుగేళ్లు ఒక్కడే రాశాడు. రాసింది ఆపిల్ టూ మిషన్ కోసం. ఆట పూర్తయ్యేసరికి ఆ మిషన్ ముసలిదైపోయింది.

ఇక్కడ నెమ్మదిగా నడవాలి, ఎందుకంటే ఈ ధారావాహికలో ఇంతకన్నా అందమైన ప్రమాదం మరొకటి జరగలేదు. మెక్నర్‌కు మొదట ఆటలో పోరు పెట్టాలనే లేదు. పరుగు, దూకుడు, బోనులు, తలుపులు చాలనుకున్నాడు. చూసినవాళ్లు ఏదో లోటు అన్నారు. స్నేహితురాలు టోమీ పియర్స్ మరీ పట్టుబట్టింది. పోరు కావాలి, ఎదురు మనిషి కావాలి అంది. ఎదురు మనిషిని ఎక్కడ పెట్టాలి? ఆపిల్ టూ జ్ఞాపకశక్తి నిండిపోయింది. తమ్ముడి బొమ్మలే అంతా ఆక్రమించాయి. ఇంకో మనిషికి చోటు లేదు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. ఉన్న రాజకుమారుడి బొమ్మనే ఒక చుక్క పక్కకు జరిపి, దాని మీదే దాన్ని వేసి కొట్టేస్తే, లోపలంతా చెరిగిపోయి అంచులు మాత్రం మిణుకుమిణుకుమంటూ మిగిలాయి. అదే నీడ మనిషి. కొత్త బొమ్మ ఒక్కటి కూడా అక్కర్లేదు. నాలుగో అంచెలో అద్దం అడ్డొస్తుంది. దాన్ని దూకి చీల్చుకుపోతే అందులోంచి నీ నీడ బయటికి దూకి ఇంకో వైపు పారిపోతుంది. ఆ తర్వాత నీకు అందాల్సిన మందు అది తాగేస్తుంది, నువ్వు దూరాల్సిన తలుపు నీ ముఖం మీదే మూసేస్తుంది. చివరి అంచెలో కత్తి దూసి ఎదురు నిలుస్తుంది.

దాన్ని ఎలా చంపాలో మాకు నెలల తరబడి తెలియలేదు. దాన్ని పొడిస్తే మన ప్రాణమే ఒక చుక్క తరిగేది. అది చస్తే మనమూ చచ్చేవాళ్లం. ఎవడో మొండివాడు విసుగెత్తి ఒకరోజు కత్తిని ఒరలో పెట్టేశాడు. నీడ కూడా తన కత్తి ఒరలో పెట్టింది. ఇద్దరూ ఎదురెదురు నడిచి ఒకటైపోయారు. ఆ తర్వాత, అంతవరకు లేని చోట, కాలు మోపితే నేల పుట్టుకొచ్చింది.

వట్టి చేతుల్తో మొదలై, కత్తి దొరికి, ఆ కత్తిని దాచుకోవడం తెలిశాకే ముందుకు పోయే కథ ఇది. తర్వాత జరిగిన దాన్ని కొలవాలంటే ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఆట 1989లో వచ్చింది, మరుసటి ఏడాది మా మిషన్లకు తగ్గ డాస్ రూపం వచ్చింది. అమెరికాలో మొదట ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ అమ్మకాల విభాగానికి ఈ సరుకు మీద ఆశ లేదు. దానికి ప్రాణం పోసింది యూరప్, జపాను. ఆ పైన 1992లో మెకింటాష్ రూపం కొత్త పెట్టెలో వచ్చాక అమెరికా కూడా కళ్లు తెరిచింది. మా హోసూరు లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, మేమెవ్వరం పైసా కట్టలేదు కాబట్టి. దొంగ ప్రతుల మీద పెరిగినవాళ్లం. దొంగల కోసం ఆటలో ఒక పరీక్ష కూడా ఉండేది. మొదటి అంచె దాటగానే ఒక గది నిండా సీసాలు, ఒక్కో దాని మీద ఒక్కో అక్షరం. ఆట కొన్నప్పుడు వచ్చే పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాట మొదటి అక్షరం ఉన్న సీసానే తాగాలి. పుస్తకం లేనివాడు చావాలి. మా సెంటర్ గోడకు జిరాక్స్ కాగితం ఒకటి అంటించి ఉండేది. లోటస్ సూత్రాల కాగితం పక్కనే.

ఇంకో రహస్యం కూడా ఉండేది. ఆట పేరు పక్కన మెగాహిట్ అని కొట్టి తెరిస్తే దొడ్డిదారులన్నీ తెరుచుకునేవి. అంచెలు దాటేయొచ్చు, ప్రాణం పెంచుకోవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా నిమిషాలు పెంచుకోవచ్చు. ఈ మాట నేను దాచుకుని దాచుకుని, సెలవుల్లో కృష్ణగిరి వెళ్లినప్పుడు పెదనాన్న కొడుకు చెవిలో వేశాను. వాడు నవ్వాడు. ఆ మాట నాకంటే ముందే బస్సెక్కి శూలగిరి దాటి అక్కడికి చేరిపోయింది.

నిమిషాలు పెంచుకోవచ్చు అన్నానే, ఆట కూడా అదే దారి పట్టింది. మూలం నుంచి జారడం ఒక్కనాడు జరగలేదు, పైగా మొదటి జారుడు చూడముచ్చటగా ఉంది. 1990లో జపాను ఎన్‌ఈసీ కంప్యూటర్లకు ఆటను మార్చినవాళ్లు రాజకుమారుడికి తలపాగా చుట్టి, పైన చిన్న కోటు తొడిగారు. తెల్లబట్టల న్యూయార్కు పిల్లాడు అప్పుడే పర్షియా వాడయ్యాడు. ఆ వేషం నచ్చి తర్వాతి రూపాలు చాలా దాన్నే వాడుకున్నాయి. 1992లో అదే బృందం సూపర్ నింటెండో పెట్టెకు మార్చినప్పుడు పన్నెండు అంచెలు ఇరవై అయ్యాయి, గంట కాస్తా రెండు గంటలైంది. 1993లో మెక్నర్ స్వయంగా కథ అల్లిన రెండో భాగం వచ్చింది. అందులో గడువు డెబ్బై ఐదు నిమిషాలు. గుంపులుగా మీద పడే కాపలావాళ్లు వచ్చారు. బొమ్మలు మొదటి దానికంటే ఎంతో నిండుగా ఉన్నాయి. అయినా సెంటర్‌లో మేము రెండో ఫ్లాపీని వారం ఆడి మొదటి దానికే తిరిగొచ్చాం. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాం.

ఇక చేతులు మారిన కథ. కోటలు నిచ్చెనలతో కాక కాగితాలతో చేతులు మారతాయని కృష్ణగిరి వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1791 నవంబరులో మాక్స్‌వెల్ అనే బ్రిటిష్ సైనికాధికారి రాత్రివేళ కృష్ణగిరి మీద పడి కింది పేటను పట్టుకున్నాడు. ఆ ఊపులో పై కోట కూడా ఎక్కేద్దామని నిచ్చెనలు వేయించాడు. పై నుంచి బండలు దొర్లాయి. నిచ్చెనలు విరిగాయి, మనుషులు విరిగారు, వచ్చినవాళ్లు వెనక్కు తిరిగారు. అంత గట్టి కోట, మరుసటి ఏడాది మార్చిలో టిప్పు సుల్తాను శ్రీరంగపట్నంలో చేసిన సంధి కాగితం మీద బారామహల్ సీమతో పాటు చప్పుడు లేకుండా ఈస్టిండియా కంపెనీకి పోయింది. అలెగ్జాండర్ రీడ్ కలెక్టరుగా వచ్చాడు, పక్కన మన్రో. కోట అదే, రాళ్లు అవే, కిస్తీ కట్టాల్సిన చోటే మారింది.

రాజకుమారుడి ఆట ఉన్న ఇల్లు కూడా అలాగే చేతులు మారింది. 1998లో లెర్నింగ్ కంపెనీ బ్రోడర్‌బండ్‌ను కొనేసింది. మరుసటి ఏడాది బార్బీ బొమ్మలు చేసే మాటెల్ ఆ లెర్నింగ్ కంపెనీని కొనేసింది. పెట్టిన వందల కోట్ల డాలర్లు బూడిదలో పోసినట్టై, ఏడాది తిరిగేసరికి వదిలించుకుంది. ఈ సందట్లోనే 1999లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా త్రీడీ వచ్చింది. అప్పటికి 1996 నాటి టూంబ్ రైడర్ ఊపు మీద ఉంది. ఆ ఆట కథానాయిక లారా క్రాఫ్ట్ అడుగులు కొలుచుకుని దూకడం నేర్చింది మన రాజకుమారుడి దగ్గరే. గురువు ఇప్పుడు శిష్యురాలిని చూసి రాయబోయాడు. తప్పులు సరిచేయకుండానే అంగడికి తోసిన సరుకు, అమ్ముడుపోలేదు. 2001లో ఫ్రాన్సు కంపెనీ యూబిసాఫ్ట్ ఆ లెర్నింగ్ కంపెనీ గేముల విభాగాన్ని కొంది. రాజకుమారుడి మీద హక్కు మాత్రం ఇంకా మెక్నర్ దగ్గరే ఉంది. కోట అమ్ముడైనా తాళంచెవి పాత కోటదారు మొలలో ఉన్నట్టు.

యూబిసాఫ్ట్ వాళ్లు కెనడాలోని మాంట్రియల్ శాఖలో ఒక బృందాన్ని కూర్చోబెట్టారు. నిర్మాత యానిస్ మాలా, ఆలోచన నడిపినవాడు పట్రీస్ డెసిలే. వాళ్లు తయారుచేసిన నమూనాలో రాజకుమారుడు గోడ మీద అడ్డంగా పరిగెత్తాడు. అది చూసి మెక్నర్ మెత్తబడ్డాడు. తానే వచ్చి కథ రాశాడు. 2003 నవంబరులో వచ్చిన ఆ ఆట పేరు సాండ్స్ ఆఫ్ టైమ్.

మన వాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, ఆ కథ మొదలయ్యేది ఇండియాలో. పర్షియా రాజు షారామన్ సేన దారిలో ఒక మహారాజు కోట మీద పడుతుంది. మంత్రి లోపలి నుంచి తలుపు తీసి ద్రోహం చేస్తాడు. దోపిడీలో మన రాజకుమారుడి చేతికి ఒక బాకు దొరుకుతుంది, దాని పిడిలో కాలపు ఇసుక. బందీగా పోయిన మహారాజు కూతురు ఫరా తర్వాత అతనికి తోడవుతుంది. అంటే 1989లో చెరసాలలో పడి ఉన్న అనామకుడు ఇప్పుడు ఇంకొకరి కోట దోచే దొరబిడ్డ. రాజకుమారి కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసే బొమ్మ కాదు, విల్లు పట్టి పక్కనే నడిచే మనిషి, దోపిడీకి లెక్క అడిగే మనిషి. ఇది మెక్నర్ చేసిన మార్పు, నా లెక్కన మంచి మార్పు. మూలం నుంచి జరిగిన ప్రతి అడుగూ చెడ్డదని నేననను.

అసలు మార్పు గడియారంలో జరిగింది. అరవై నిమిషాల గడువు ఎత్తేశారు. దాని చోట కాలాన్ని వెనక్కి తిప్పే బాకు ఇచ్చారు. తప్పు దూకావా, మీట నొక్కు, కింద పడ్డవాడు పైకి తేలి అంచు మీద నిలబడతాడు. ఒకప్పుడు పోయిన నిమిషం పోయినట్టే. ఇప్పుడు ఇసుక ఉన్నంతసేపు నిమిషం నీ జేబులో ఉంది. మా మెగాహిట్ దొడ్డిదారికి సింహద్వారం కట్టినట్టయింది. అయినా దాన్ని కథలో కలిపిన తీరు చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలి. ఈ కథంతా రాజకుమారుడు ఎవరికో చెబుతున్నట్టు నడుస్తుంది. మనం చస్తే, అబ్బే, అలా జరగలేదు, తప్పు చెప్పాను అని గొంతు సర్దుకుని మళ్లీ ఎత్తుకుంటాడు. అరేబియా కథల షహరాజాదు పని రాజకుమారుడే చేస్తున్నాడు. బేతాళుడి దగ్గర కథ వినడానికి అలవాటుపడ్డ మనకు ఆ రుచి ఇట్టే పట్టుకుంటుంది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఆ శీతాకాలం అంగళ్లలో పోటీ గట్టిగా ఉంది. యూబిసాఫ్ట్ తన ఇంకో మంచి ఆట బియాండ్ గుడ్ అండ్ ఈవిల్‌ను కూడా అదే నవంబరులో దించింది. పొగడ్తలు వచ్చినంత వేగంగా డబ్బు రాలేదు.

డబ్బు నెమ్మదిగా వచ్చినప్పుడు కంపెనీలు ఏం అడుగుతాయో ఫ్యాక్టరీ ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. ఎవరు కొనలేదు, వాళ్లకేం కావాలి? లెక్కలేసినవాళ్లకు దొరికిన జవాబు, మగపిల్లలకు నెత్తురు కావాలి. మెక్నర్ ఈసారి ఆ బృందంలో లేడు. ఏడాది తిరిగేసరికి, 2004 చివర్లో, వారియర్ వితిన్ దిగింది. రాజకుమారుడికి గడ్డం మాసింది, కళ్ల కింద నలుపు, మాట మోటు. రెండు చేతుల్లో రెండు కత్తులు. సగానికి నరికే విద్యలు. వెనకాల వీణలూ డప్పులూ పోయి గాడ్‌స్మాక్ అనే అమెరికా బృందం గిటార్ల హోరు. పెట్టె మీద పదిహేడేళ్లు నిండినవాళ్లకే అన్న ముద్ర. అమ్మకాల బల్ల దగ్గర ఆ పందెం వృథా కాలేదు. ఆడినంతసేపు ఆట కూడా గట్టిదే, కోట ఎక్కే విద్యలో ముందుదానికి తీసిపోదు. దహాకా అనే నల్లటి కాలపురుషుడు తరుముకొచ్చే చోట ఒళ్లు జలదరిస్తుంది. కాలంతో ఆడుకున్నవాడిని కాలమే వేటాడటం అన్న ఆలోచన, నిజం చెప్పాలంటే, పాత గంటకు దగ్గరి చుట్టమే. అయినా మెక్నర్ దాచుకోలేదు. ఆ ఆట పోకడ, అందులోని హింస తనకు నచ్చలేదని పత్రికలవాళ్లకు చెప్పేశాడు. తాళంచెవి తన మొలలో ఉన్నవాడే కోట లోపల ఇల్లు మారిపోయిందని వాపోవాల్సి వచ్చింది.

ఆ 2004లోనే ఫిబ్రవరిలో ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరి జిల్లా చేశారు. మా హోసూరు అందులోకి వచ్చింది. చిరునామాలో ఒక మాట మారింది, ఇంట్లో మాట్లాడే మాట మారలేదు. సేలం జిల్లాలో పుట్టిన మా తాత, ధర్మపురి జిల్లాలో పుట్టిన నేను, కృష్ణగిరి జిల్లాలో బడికి పోయిన అక్క కొడుకు, ముగ్గురం ఒకే వీధి వాళ్లం. పేరు ఒకటే ఉండి లోపల మారడం ఒక రకం అయితే, పేర్లు మారుతూ లోపల ఉన్నచోటే ఉండటం మా రకం. ఇది పక్కదారి, తిరిగి వద్దాం.

ఆ అక్క కొడుకు దగ్గరే నేను వారియర్ వితిన్ చూశాను. కంప్యూటర్ ఇప్పుడు మేడ మీద సెంటర్‌లో కాదు, ఇంటి ముందు గదిలో, పువ్వుల గుడ్డ కప్పుకుని ఉంది. డిస్కు మాత్రం యథాప్రకారం బెంగుళూరు ఫుట్‌పాత్‌ది. నేను వాడికి చిన్నప్పటి నుంచి ఈ కథ చెబుతూ వచ్చాను. ముఖ్యంగా ఎనిమిదో అంచె గురించి చెప్పేవాణ్ని. అక్కడ తలుపు మూసుకుపోయి ఇక దారి లేదనుకున్నప్పుడు, రాజకుమారి పంపిన తెల్ల ఎలక గబగబా వచ్చి మీట మీద కూర్చుంటుంది, తలుపు లేస్తుంది. వాడికి అదే ఇష్టం.

“మామా, నువ్వు చెప్పిన ప్రిన్స్ ఇతనేనా?”

“పేరు అదేరా.”

తెర మీద ఎవరిదో తల ఎగిరిపడింది. వాడు కాసేపు ఆడి, ఆపి, నా వైపు తిరిగాడు.

“ఎలక ఎప్పుడొస్తుంది మామా?”

నేను గడియారం చూసుకున్నాను. వాడి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఇంకో పది నిమిషాలు ఆడుకోమన్నాను.

రాజకుమారుడి అసలు ప్రత్యర్థి దహాకా కాదు, జాఫరు కాదు. 2004 జనవరిలో, సాండ్స్ ఆఫ్ టైమ్ పని ముగించిన పట్రీస్ డెసిలే మాంట్రియల్‌లో తర్వాతి ఆట గురించి తల పట్టుకుని కూర్చున్నప్పుడు అతనికి ఒక చిక్కు కనబడింది. రాజకుమారుడంటే ఎవరు? రాజు పోతాడా అని సింహాసనం పక్కన కాచుకుని కూర్చునేవాడు. అలాంటివాణ్ని ఎంతకాలం పరిగెత్తిస్తాం? డెసిలే కళ్లు రాజకుమారుడి మీంచి జరిగి, వెనకాల ముసుగు వేసుకుని నిలబడ్డ అంగరక్షకుడి మీద పడ్డాయి. చేతిలో కత్తి లేదు. ఉన్నది చొక్కా చేతి లోపల, మణికట్టు కింద. కొత్త ఆటకు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: అసాసిన్స్’ అని పేరు పెట్టారు. ఆ పేరులో మొదటి సగం ఎక్కువ కాలం నిలవలేదు.

వచ్చే భాగంలో: 1090లో హసన్ సబ్బా చేజిక్కించుకున్న అలమూత్ కొండకోట, దాని మీద 1938లో ఒక స్లొవేనియా రచయిత రాసిన నవల, ఆ నవల చదివిన మాంట్రియల్ బృందం. కాపలావాడు యజమానిని దాటిపోయిన తీరు. సాండ్స్ ఆఫ్ టైమ్‌లోని ఆ మహారాజు కోటను మళ్లీ కట్టే పని పుణె, ముంబయి కుర్రాళ్ల చేతికి వచ్చిందని 2020లో తెలిసినప్పుడు జరిగిన రభస.